నలభై ఒక్క ఊళ్ళు

పొగమంచు.

వీధి లేదు. వీధి చివర బస్సుస్టాపు లేదు. ఎదురింటి గేటు లేదు. దుకాణాల మీద బోర్డులు ఒక్కటీ లేవు... తెల్లారకముందే ఎవరో తడిబట్టతో పేర్లన్నీ తుడిచేసి వెళ్ళినట్టు.

చప్పుళ్ళు మాత్రం మిగిలాయి. సైకిలు గొలుసు. షట్టరు ఎత్తిన మోత. ఎక్కడో ఎవరిదో దగ్గు.

అమ్మ గుమ్మంలో నిలబడి ఆ తెలుపులోకి చూస్తోంది. ఇప్పుడే కూతురు అందులోకి వెళ్ళింది — భుజాన సంచి, సంచిలో కొత్త నోటుపుస్తకం. పది అడుగుల దాకా కనిపించింది. తర్వాత లేదు.

"మఫ్లరు చెవులకి చుట్టుకో!" అని అమ్మ పొగమంచుకు చెప్పింది.

"చుట్టుకున్నానమ్మా!" అంది పొగమంచు.

ఆ ఇంటి అమ్మకు భయం ఎక్కువ.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. అమ్మ కీడెంచేది. అది ఎంచడం పూర్తయ్యేసరికి పొద్దు వాలేది. మేలు ఎంచడానికి ఆమెకు ఏనాడూ తీరిక దొరకలేదు.

స్కూలు యూనిఫారాలు కుట్టే పని ఆమెది. ఒక్క గుండుసూది లెక్క తప్పితే ఆ రోజు కుట్టిన పన్నెండు చొక్కాలూ తిరగేసి తడిమేది — ఏ పిల్లవాడి మెడకు గుచ్చుకుంటుందోనని. లారీ మీద ఊళ్ళు తిరిగే భర్త ఫోను చేస్తే ముందు కూర్చునేది, ఆ తర్వాతే ఎత్తేది.

"ఏమైంది?"

"ఏమీ కాలేదే. తిన్నావా అని చేశాను."

"ఏమీ కాకపోతే ఎందుకు చేశారు?"

అదీ ఆమె సంగతి. చదివింది ఏడో తరగతి. చేతిరాత మాత్రం ముత్యాల వరస. గుండె మాత్రం గాలిలో పెట్టిన దీపం.

*

ఆ ఇంట్లో ఒక పాత పుస్తకం ఉండేది.

మామయ్య, అంటే అమ్మకు భర్త తండ్రి, రాసిన పుస్తకం. బతికున్నన్నాళ్ళూ ఆయన సర్వే వాళ్ళ దగ్గర గొలుసు లాగాడు. భూమిని కొలిచే ఇనుప గొలుసు. ఒక కొస ఆయన చేతిలో, ఇంకో కొస ఇంకెవరి చేతిలోనో... మధ్యలో ఊళ్ళు. ఏ ఊళ్ళో గొలుసు దించినా మా వాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగేవాడు. ఎవరో ఒకరు తగిలేవారు. ఎవరి బిడ్డ, ఎక్కడ పుట్టాడు, ఎక్కడ పోయాడు — అడిగి రాసుకునేవాడు.

ముప్పై ఏళ్ళు రాశాడు.

నూట పన్నెండు మంది మనుషులు. నలభై ఒక్క ఊళ్ళు.

గాలిమిట్ట. మూడుబావులు. గొర్రెలదారి. సున్నపుబట్టీలు.

మనిషి పేరు పక్కన ఊరి పేరు. ఊరి పేరు లేని మనిషిని ఆయన రాసేవాడే కాదు. "నేల లేకుండా మనిషెక్కడ నిలబడతాడు?" అనేవాడు.

చివరి పేజీలో మనిషి ఒక్కరే. పిచ్చుక.

పిచ్చుక అంటే నాయనమ్మ చెల్లెలు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. నాయనమ్మకు ఆరేళ్ళు, పిచ్చుకకు మూడేళ్ళు ఉన్నప్పుడు వాళ్ళమ్మ జ్వరంతో పోయింది. పెద్దదాన్ని మేనమామ తీసుకెళ్ళాడు. చిన్నదాన్ని పిల్లల్లేని పడవవాళ్ళు అడిగారు. ఇచ్చేశారు.

రేవులో పడవ. పడవలో పిచ్చుక. ఒంటి మీద అక్క గౌను. పొడుగైపోయింది. అంచు నీళ్ళలో తేలింది.

డెబ్భై ఆరేళ్ళుగా ఆ అంచు నాయనమ్మ కళ్ళల్లో తేలుతూనే ఉంది.

"మడిచి కుట్టుంటే తడిసేది కాదు కదే," అనేది కోడలితో.

"అవునత్తయ్యా. రెండు వేళ్ళ మడత చాలు."

"అప్పుడు నువ్వు లేవు."

"నేనెక్కడున్నానత్తయ్యా, మా అమ్మే పుట్టలేదు."

అత్తాకోడళ్ళ మధ్య ఈ మాట వెయ్యిసార్లు జరిగింది. వెయ్యిసార్లూ కొత్తగానే జరిగింది.

మామయ్య పోయే ముందు ఏడాది ఒక ముసలి బంధువు నోటి నుంచి ఆ పడవవాళ్ళ ఊరి పేరు రాబట్టాడు. రాసుకున్నాడు. ఎండలు తగ్గాక వెళ్దామన్నాడు. ఎండలు తగ్గాయి. ఆయన లేడు.

నాయనమ్మకు ఊరి పేరు గుర్తుండలేదు. 'దొరికింది' అన్న ఒక్క మాట గుర్తుండిపోయింది.

*

కూతురు అచ్చు దుకాణంలో అక్షరాలు పేర్చే పిల్ల. తాతయ్య పుస్తకాన్ని అచ్చు వేద్దామని అన్నది తనే. "ఊరు రాసి ఉందిగా నాయనమ్మా, నీ పిచ్చుకను నేను పట్టుకొస్తా," అన్నదీ తనే.

అప్పటికే వానలు. బీరువా వెనక గోడకు చెదలు. చెదలు పుస్తకం దాకా వచ్చాయి. ముట్టుకుంటే అంచులు పొడిగా రాలాయి.

"నువ్వు తెరవకు," అంది అమ్మ. "నేను తిరగరాస్తాను."

కూతురు అమ్మ మెడ చుట్టూ చేతులేసింది. "నీ చేతిరాత ముందు మా కంప్యూటరు అక్షరాలెందుకమ్మా!"

అమ్మ రాసింది. మధ్యాహ్నాలు, వాన పడుతుంటే, మిషను ఆపి, కొత్త నోటుపుస్తకంలో. ఒక్క మనిషిని వదల్లేదు. ఒక్క తారీఖు తప్పలేదు.

ఊళ్ళ దగ్గరే చెయ్యి ఆగింది.

పదకొండేళ్ళప్పుడు ఆమె ఒకసారి తప్పిపోయింది. పిన్ని వాళ్ళ ఊరికి ఒంటరిగా బస్సెక్కించారు. పిన్ని చెప్పిన పేరు ఏ బోర్డు మీదా లేదు. అంతకు ముందే మార్చేశారట. ఎవరినడిగినా తల అడ్డంగా ఊపారు. ఆఖరి స్టాపులో, సిమెంటు బల్ల మీద, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంది.

ఆ బల్ల మీద నుంచి ఆమె ఇంకా పూర్తిగా లేవలేదు.

రేపు ఈ పుస్తకం పట్టుకుని కూతురు వెళ్తుంది. ఎప్పుడో దాని పిల్లలు వెళ్తారు. లేని ఊరికి టికెట్ అడుగుతారు. ఎవరూ తెలియదంటారు. చీకటి పడుతుంది...

వద్దు.

అరిగిన చొక్కా కాలర్లు తిప్పి కుట్టించుకోవడానికి ఒక బస్సు కండక్టర్ వస్తుండేవాడు. అమ్మ ఒక్కో పేరూ అడిగింది.

"గాలిమిట్టా? అది ఇప్పుడు రెండో సెక్టారమ్మా."

"మూడుబావులు?"

"తూర్పు లేఅవుటు. ఈ పేర్లు ఇంకెవరికి కావాలమ్మా? మా టికెట్ మిషన్లో కూడా లేవు."

మిషన్లో లేని పేరు పుస్తకంలో మాత్రం ఎందుకు? పాత పేర్లన్నీ వదిలేసి కొత్త పేర్లు రాసింది. రెండో సెక్టారు. తూర్పు లేఅవుటు. బైపాస్ కాలనీ. ఉత్తర విస్తరణ. ఊళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, నలభై ఒకటి కాస్తా పంతొమ్మిదయ్యాయి. తగ్గితే మంచిదే, వెతకడం తేలిక అనుకుంది.

అంతా అయ్యాక పాత పుస్తకాన్ని నీళ్ళపొయ్యిలో పెట్టింది. చెదలు యూనిఫారం తానుల్లోకి పాకుతాయేమోనని. "మామయ్యా, ఏమనుకోకండి," అని చెప్పి మరీ పెట్టింది.

ముప్పై ఏళ్ళ నడక... ఒక బకెట్టు వేడినీళ్ళు.

*

మధ్యాహ్నానికి మంచు కరిగింది. పొద్దున నోటుపుస్తకంతో వెళ్ళిన కూతురు తిరిగొచ్చింది. చెప్పులు విడిచిన చప్పుడులోనే అమ్మకు తెలిసిపోయింది.

"అమ్మా, పాత పుస్తకం ఎక్కడ పెట్టావు?"

"ఎందుకు?"

"రికార్డుల ఆఫీసులో మేడమ్ నవ్వింది."

రికార్డుల గదిలో వెయ్యి మూటలున్నాయట. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎప్పుడు పుట్టారో, ఎక్కడికి తరలిపోయారో రాసిన పాత రిజిస్టర్లు. గుడ్డలో కట్టి, ముడి మీద అట్టముక్క వేలాడదీసి, అట్ట మీద ఊరి పేరు. అప్పటి పేరు. ఏ పాత ఊరు ఏ కొత్త పేరులో కలిసిందో రాసిన కాగితం మాత్రం ఎక్కడా లేదట.

మేడమ్ అమ్మ రాసిన చివరి పేజీ చూసింది. 'పిచ్చుక, పెరిగిన ఊరు ఉత్తర విస్తరణ.'

"ఈ పేరు పుట్టి పదిహేనేళ్ళు అమ్మాయ్. మీరు వెతికే ముసలావిడకి డెబ్భై తొమ్మిది. ఇంకా పుట్టని ఊళ్ళో ఆవిడెలా పెరిగింది?"

కూతురు నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూనే చెయ్యి చాచింది, పుస్తకం కోసం.

అమ్మ ఆ చేతిలో ఏమీ పెట్టలేకపోయింది.

"కాల్చేశాను."

కూతురు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. చాచిన చేతిని మెల్లగా మడుచుకుని, అమ్మ భుజం మీద దారప్పోగు ఒకటి ఉంటే తీసింది. అంతే.

పుణ్యానికి పోతే పాపం ఎదురైంది.

లోపలి గదిలోంచి నాయనమ్మ గొంతు. "దొరికిందా?"

"వెతుకుతున్నామత్తయ్యా."

గుండె బాగా అలిసిపోయిందని డాక్టరు చెప్పి నెల కాలేదు. ఏదైనా కోరిక ఉంటే వాయిదా వేయకండి అని కూడా చెప్పాడు. నాయనమ్మకు ఉన్నది ఒక్కటే కోరిక. దానికి ఉన్నది ఒక్కటే దారి. ఆ దారికి ఉన్నది ఒక్కటే పేరు.

ఆ రోజు పిల్లను పడవ ఎక్కించిన వాళ్ళు వేరు. పడవను ముంచింది మాత్రం నేనే — అనుకుంది అమ్మ.

*

రెండు రోజులు.

కళ్ళు మూసుకుని ఆ పేజీని పిలిచింది. రాలేదు. అక్షరాల వంపులు వచ్చాయి. సిరా మరక వచ్చింది. పేరు రాలేదు. కండక్టర్‌ను అడిగింది. "నలభై అడిగారమ్మా ఆ రోజు. నాకేం గుర్తుంటాయి?" అన్నాడు. పాపం, కాలరు మీద ఒట్టేసి మరీ అన్నాడు.

కుట్టు తప్పింది. చొక్కా కుడి చెయ్యి ఉండాల్సిన చోట ఎడమ చెయ్యి అతికింది. విప్పింది. మళ్ళీ అదే అతికింది.

మూడో రోజు సార్టింగ్ తాత వచ్చాడు.

ఆయన్ని వీధంతా అలాగే పిలుస్తారు. తపాలా వాళ్ళ దగ్గర ముప్పై నాలుగేళ్ళు ఉత్తరాలు ఊళ్ళవారీగా సార్టింగ్ చేసి రిటైరయ్యాడు. ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి రావడం ఆ ఏడాదికి అది మూడోసారి.

"నడుం పెరగలేదమ్మా. ప్యాంటే చిక్కిపోతోంది," అన్నాడు.

అమ్మ టేపు చుట్టింది. టేపు మీద ఒక చుక్క పడింది. ఇంకో చుక్క.

"అంత ఘోరంగా ఉందా నా కొలత?"

అమ్మ నవ్వలేదు. నవ్వబోయి ఏడ్చింది. అంతా చెప్పింది. పుస్తకం, చెదలు, పొయ్యి, పిచ్చుక.

తాత అంతా విన్నాడు. తర్వాత అన్నాడు. "ఆ ఊళ్ళ వైపు ఉత్తరాలన్నీ నా చేతి మీదే వెళ్ళేవి."

అమ్మ టేపు వదిలేసింది. "అయితే చెప్పండి తాతా! ఆ పేర్లు చెప్పండి!"

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. కణత రుద్దుకున్నాడు. నాలుగు పేర్లు వచ్చాయి. ఐదోది రాలేదు. మొదటికొచ్చాడు. ఈసారి మూడే వచ్చాయి.

"కూర్చుంటే రావు. కూర్చుని ఎప్పుడు చేశాను ఆ పని? ఊరికో గూడు, నిలబడి విసిరేవాణ్ణి."

లేచాడు. గోడ వైపు చూశాడు.

గోడకు దారం ఉండలు పెట్టుకునే చెక్క గూళ్ళు. వరసకు ఆరు. ఆరు వరసలు.

"ఆ దారాలు తీసెయ్యమ్మా."

తీసింది. ఎరుపు, నీలం, తెలుపు, ఖాకీ... మంచం మీద ఉండలన్నీ దొర్లాయి. కొలతలకు కత్తిరించి పెట్టుకున్న కాగితాలు దొంతి కట్టి ఇచ్చింది. ఆయన ఆ దొంతిని ఎడమ ముంజేతి మీద పరుచుకున్నాడు, పసిబిడ్డను పెట్టుకున్నట్టు. బొటనవేలితో పై కాగితాన్ని ముందుకు తోశాడు. కుడిచెయ్యి అందుకుంది. విసిరింది.

"గాలిమిట్ట."

టప్.

"మూడుబావులు."

టప్.

"నోటికి కాదమ్మా తెలిసింది," అన్నాడు, విసురుతూనే. "చేతికి తెలుసు."

గొర్రెలదారి. టప్. సున్నపుబట్టీలు. టప్. ఇటుకలగుంట. తేనెబండ. టప్, టప్... కూతురు నేల మీద కూర్చుని రాసుకుంటోంది. అమ్మ నోరు కదులుతోంది. ఒక్కో పేరు వినగానే ఒక్కో పేజీ తెరుచుకుంటోంది. మామయ్య గుండ్రటి 'మ', కొక్కెం లాంటి 'గ'... నీళ్ళపొయ్యిలోంచి ఒక్కొక్కరే లేచి, బూడిద దులుపుకుని, ఇంట్లోకి వస్తున్నారు.

ఆరో గూడు అయింది. చెయ్యి ఏడో గూటికి వెళ్ళింది. గోడ తగిలింది.

కాగితం కింద పడింది. పేరు రాలేదు.

"మా గూళ్ళు వరసకి ఎనిమిదమ్మా," అన్నాడు తాత, చిన్నపిల్లాడిలా దిగులుగా.

అమ్మ క్షణం ఆగలేదు. రెండు గుండీల డబ్బాలు నేల మీద కుమ్మరించింది. గుండీలు గది నిండా పారిపోయాయి. ఇంకో రోజైతే ఏ పసివాడు మింగుతాడోనని ప్రాణం పోయేది. ఆ రోజు చూడను కూడా లేదు. ఖాళీ డబ్బాలు రెండు చేతులా పట్టుకుని, గూళ్ళ పక్కన గోడకు ఆనించి నిలబడింది. ఏడో గూడు. ఎనిమిదో గూడు.

"కొంచెం కిందికి. ఆఁ. రెండో వరస."

వరస మారినప్పుడల్లా వంగింది. వంగుతూ, కాస్త కాస్తగా నేలకు దిగుతూ... ఊళ్ళు ఆమె చేతుల్లో పడుతున్నాయి. వానచుక్కల్లా. ఒక్కోటీ బరువుగా.

అయిదో వరస. అమ్మ మోకాళ్ళ మీద ఉంది.

"ఇది ఏటి వైపు," అన్నాడు తాత. "ఇటు ఉత్తరాలు తక్కువ."

రెల్లుదిబ్బ. నక్కలవంక. బండరాళ్ళు. పాతబాట. జింకలతోపు. వంతెనకవతల. చెయ్యి గూళ్ళు దాటింది. అమ్మ ఎడమ చేతిలోని డబ్బా మీదికి వచ్చింది.

"కొంగలరేవు."

కాగితం డబ్బాలో పడింది. ఏమీ బరువు లేని కాగితం.

అమ్మ డబ్బాలోకి చూసింది.

అప్పుడు వచ్చింది ఆ మధ్యాహ్నం. వాన. కండక్టర్ కాలరు. ఆమె అడగడం. 'ఇంకా ఏం రేవమ్మా, ఏరు పక్కకి జరిగిపోయి ఎన్నేళ్ళో. అటంతా ఉత్తర విస్తరణే ఇప్పుడు' అని అతను నవ్వడం. తను కొట్టివేత లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఆ మాటే రాసుకోవడం.

"అదే," అంది అమ్మ. "అదే. అదే."

తాత మాత్రం ఆగలేదు. దొంతి అయిపోయేదాకా విసిరాడు. ఆపితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలట.

కూతురు లోపలికి పరిగెత్తింది. "నాయనమ్మా! కొంగలరేవు! మీ చెల్లి ఊరు కొంగలరేవు!"

నాయనమ్మ కాసేపు ఆలోచించింది.

"ఏమోనే. ఊరు నేనేం చూశాను? నేను పడవనే చూశాను."

*

మర్నాడు రికార్డుల మేడమ్ కొంగలరేవు మూట విప్పింది.

కూతురు ఆ పేజీని చేత్తో రాసుకొచ్చి చదివింది. పడవ నడిపే మనిషి. అతని భార్య. మూడేళ్ళ ఆడపిల్ల, పక్కన 'పెంపకం' అన్న మాట. అంతకు మించి ఆ పిల్ల గురించి ఏమీ లేదు. ఏం తిన్నదో, రాత్రిళ్ళు ఎవరి కోసం ఏడ్చిందో రిజిస్టర్లు రాయవు. పేజీ అంచున ఎర్ర సిరాతో ఒక్క వాక్యం. పంతొమ్మిదేళ్ళ వయసులో పెళ్ళయి, ఉప్పుకొట్లకు తరలిపోయింది.

"ఉప్పుకొట్లు ఎక్కడో మేడమ్‌కి కూడా తెలియదమ్మా. మ్యాపులో కూడా లేదు. మళ్ళీ మొదటికొచ్చాం." కూతురు కాగితం మడిచేసింది.

"బైపాస్ కాలనీ," అంది అమ్మ.

సూదిలో దారం ఎక్కిస్తోంది. తల ఎత్తలేదు.

"ఏంటీ?"

"ఉప్పుకొట్లంటే బైపాస్ కాలనీ. మీ తాతయ్య పెదనాన్న ఒకాయన అక్కడే పోయాడు. ఆయన పేజీ రాసేటప్పుడు కండక్టర్‌ను అడిగాను. పదహారో నంబరు బస్సు. వాటర్ ట్యాంకు దగ్గర దిగాలి."

కూతురు అమ్మను చూసింది. అలా చూస్తూనే ఉంది.

"అలా చూడకు. భయమేస్తుంది," అంది అమ్మ.

ఆ సాయంత్రమే అమ్మ మూడో పుస్తకం మొదలుపెట్టింది. స్కేలు పెట్టి, గుడ్డ మీద గీసినంత తిన్నగా, ప్రతి పేజీలో ఊరి గడిని రెండుగా చీల్చింది. ఒకవైపు 'అప్పుడు'. ఇంకోవైపు 'ఇప్పుడు'. గాలిమిట్ట, రెండో సెక్టారు. మూడుబావులు, తూర్పు లేఅవుటు. కొంగలరేవు, ఉత్తర విస్తరణ.

కాగితాల దగ్గరికి వెళ్ళడానికి అప్పటి పేరు. మనుషుల దగ్గరికి వెళ్ళడానికి ఇప్పటి పేరు.

తాత చేతికి గుర్తురానివి ఆరు మిగిలిపోయాయి. ఆ ఆరు ఊళ్ళకూ 'అప్పుడు' గడి ఖాళీగా ఉంచింది. ఇప్పటి పేరు మళ్ళీ రాసి ఆ గడిని నింపలేదు. ఎవరికైనా, ఎప్పటికైనా గుర్తురావచ్చు. ఖాళీ కూడా ఒక గుర్తే.

*

ఆదివారం కూతురు పదహారో నంబరు బస్సెక్కింది.

"నువ్వూ రా అమ్మా."

"అత్తయ్యను ఎవరు చూస్తారు?" అంది అమ్మ. అది నిజమే. ఇంకో నిజం చెప్పలేదు.

పొద్దంతా గడవలేదు. గడియారం నడిచింది, పొద్దు నడవలేదు. ఒక చొక్కాకు గుండీలు కుట్టింది. తొమ్మిది కుట్టాక ఏడే ఉండాలని గుర్తొచ్చింది.

నాలుగింటికి ఫోను. అమ్మ కూర్చుంది. ఎత్తింది.

"అమ్మా, ఇల్లు దొరికింది. మిగతాది వచ్చాక చెప్తా. చార్జింగ్ అయిపో—"

అంతే.

మిగతాది.

మిగతాది అంటే ఏమిటి? ఇల్లు దొరికింది, మనిషి దొరకలేదనా? తాళం వేసి ఉందా? గోడ మీద ఫోటో ఒక్కటే ఉందా? 'ఎవరు మీరు, ఇన్నేళ్ళకు ఎందుకొచ్చారు' అన్నారా? అని ఉంటే తప్పేముంది? డెబ్భై ఆరేళ్ళు! మనసు విరగడానికి అందులో సగం చాలు...

"ఎవరే ఫోను?"

"పిల్ల, అత్తయ్యా. ఇల్లు దొరికిందట."

నాయనమ్మ దుప్పటి తోసేసింది. "నన్ను బయట కూర్చోబెట్టు."

"చలిగా ఉందత్తయ్యా. మంచు దిగుతోంది. జలుబు చేస్తే మీ గుండె—"

"ఇన్నాళ్ళు కొట్టుకున్నది ఇందుకే కదే. కూర్చోబెట్టు."

కుర్చీ వేసింది. శాలువా కప్పింది. ఇంకో శాలువా కప్పింది. టోపీ పెట్టబోతే నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. "మొహం కనబడనీయవే. అది నన్ను గుర్తుపట్టద్దూ?"

మూడేళ్ళ పిల్ల. ఆరేళ్ళ మొహం. ఎలా గుర్తుపడుతుంది అత్తయ్యా... అని అనలేదు అమ్మ. టోపీని తన చేతిలోనే ఉంచుకుంది.

సాయంత్రం దిగింది. దానితోపాటే మంచు. ముందు వీధి చివర పోయింది. తర్వాత ఎదురిల్లు. తర్వాత గేటు. ఒక్కో పేరూ, ఒక్కో బోర్డూ... నెమ్మదిగా, నొప్పి తెలియకుండా, తెలుపులోకి.

బస్సు ఆగిన చప్పుడు. తలుపు తీసిన చప్పుడు.

చాలాసేపు ఆగింది బస్సు.

మళ్ళీ కదిలింది.

అడుగులు.

కూతురి అడుగులు అమ్మకు తెలుసు. టకటకా, అరిగిన మడమ కొంచెం ఈడ్చుకుంటూ వస్తుంది. ఇవి అవే. కానీ నిదానంగా ఉన్నాయి. ఆగి, మళ్ళీ నడిచి, మళ్ళీ ఆగి.

ఇంత నిదానం ఎందుకు?

చెడు కబురు మోసుకొచ్చేవాళ్ళు ఇలాగే నడుస్తారు. ఇంటికి చేరాలని లేనట్టు.

అమ్మ గుండె జారింది. జారుతూ జారుతూ, ఎక్కడో, ఒక అంచు మీద ఆగింది.

ముసలివాళ్ళను పట్టుకుని నడిపించేవాళ్ళు కూడా... ఇలాగే నడుస్తారు.

"ఎవరే అది?" అంది నాయనమ్మ.

అమ్మ అత్తయ్య చెయ్యి అందుకుంది.

వీధి లేదు. గేటు లేదు.

తెలుపు. తెలుపులో అడుగులు... దగ్గరగా... ఇంకొంచెం దగ్గరగా...

పొగమంచు.